ప్రతి దుర్లభమా? పాఠకుడు దుర్లభుడా?

(రాజమహేంద్రవరమున నొక గ్రంథాలయ వార్షిక సభయందు గావించిన యుపన్యాస పాఠము)



నేటి సభలో పాత జర్మను యుద్ధచరిత్ర గ్రంథములను గూర్చి ప్రసంగింతునని నేను తెలిపినప్పుడు కార్యదర్శిగారు నా మొగము వంక ఒక క్షణము చూచి, "గోదావరి యొడ్డున జర్మనుల యుద్ధముల గొడవ మన కేల?" అని చిరునవ్వుతో నడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. మీలో పెక్కుమంది మనస్సులలో నదే ప్రశ్న మెదలుచుండవచ్చును. మన యూరి సంగతులే తెలియని మనకు పొరుగు ఖండపు సంగతు లెందుకని మీరనిన నేను కోపగించుకొనను. మన యూరి సంగతులు మనకేల తెలియలేదో చెప్పుటకే నేనా దూరదేశపు పుస్తకముల బీరువా తలుపు తెరచుచున్నాను. ప్రసంగము ముగియునప్పటికి మనము మరల నీ రేవునకే వత్తుము.

దుర్లభ గ్రంథ మనుమాటను మనము తరచుగా వాడుచుందుము. ప్రతులు నశించి ఒకటి రెండు మాత్రమే మిగిలినచో ఆ గ్రంథము దుర్లభ మందుము. అది ఒక విధమైన దుర్లభత్వము. ప్రతులు పుష్కలముగా నుండియు, చదువగలవాడు లేక, చదువ గోరువాడు లేక బీరువాలో నిద్రించు గ్రంథము సంగతి యేమి? అదియును దుర్లభమే. మొదటి కొరత అగ్ని వలన, చెదపురుగు వలన, రాజశాసనము వలన కలుగును. రెండవ కొరత మన వలననే కలుగును. ఈ రెండును ఎట్లు కలుగునో, రెండింటిలో నేది యెక్కువ ప్రమాదకరమో పాత జర్మను యుద్ధగ్రంథముల కథ స్పష్టముగా చూపుచున్నది.

జర్మనీకిని తెలుగు పుస్తకమునకును గల చుట్టరికము మనమనుకొన్న దానికంటె ప్రాతది. తెలుగున తొలుత అచ్చయిన పుస్తకములు బెజవాడలోను కాదు, మద్రాసులోను కాదు. 1746 ప్రాంతమున జర్మనీలోని హాలె నగరమున అచ్చయినవి. బెంజమిన్ షుల్జ్ అను క్రైస్తవబోధకుడు మద్రాసునందు తెలుగు నేర్చి, స్వదేశమునకు మరలిపోయి, అచట తెలుగు అక్షరములతో మతగ్రంథములను ముద్రింపించెను. పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఉత్తర జర్మను మిషనువారు ఈ రాజమహేంద్రవరముననే నివసించి పనిచేసి, పిమ్మట తమ కార్యమును అమెరికా లూథరనుల కప్పగించిరి. కాబట్టి జర్మను మాట ఈ గౌతమీ తీరమునకు బొత్తిగా క్రొత్త కాదు. కాని ఆ వచ్చినవి మతగ్రంథములు. వారి యుద్ధగ్రంథములు మన తీరమునకు తిన్నగా రాలేదు. వచ్చినవి ఇంగ్లీషు మూటలలో వచ్చినవి.

ఆ యుద్ధగ్రంథముల పుట్టుక విజయమునుండి కాదు, పరాజయమునుండి కలిగినదని మొదట గ్రహింపవలెను. 1806 అక్టోబరులో నెపోలియను సేనలు యేనా, ఔవర్‌స్టెట్ అను చోట్ల ప్రష్యా సైన్యమును ఒక్కదినమున నుగ్గు గావించెను. ఫ్రెడరిక్కు మహారాజు నాటి కీర్తి నంతటిని తలపాగలో చుట్టుకొని తిరిగిన సేనాధిపతులు పరుగెత్తిరి. ఆ పోరున పట్టుబడి ఫ్రాన్సునకు బందీగా పోయినవారిలో ఇరువదియారేండ్ల యువకుడొకడు గలడు. అతని పేరు కార్ల్ ఫాన్ క్లౌజెవిట్జ్. మేమేల ఓడితిమి? అను ప్రశ్న అతని నెన్నడును విడువలేదు. దాని వెంట యుద్ధమనగా నేమి? అను మరింత లోతైన ప్రశ్న పుట్టెను. ఆ యోచన కంతకును రూపము నిచ్చుచు వ్రాసికొన్న కాగితములను ముగింపకయే 1831లో అతడు కలరా సోకి మరణించెను. వానిని కూర్చి, సవరించి, 1832లో ప్రకటించినది అతని భార్య మేరీ. "యుద్ధమును గూర్చి" అను ఆ గ్రంథము నేడు ప్రపంచమునందలి సైనిక విద్యాలయము లన్నింటను పేరెన్నికగన్నది.

అయితే వినుడు. ఆ గ్రంథము మొదట 1,500 ప్రతులు మాత్రమే అచ్చయినది. ఇరువది సంవత్సరములు గడచినను ఆ ప్రతులు అమ్ముడుపోలేదు! రెండవ కూర్పునకు 1853 వరకు వేచియుండవలసి వచ్చెను. 1866లోను, 1870-71లోను ప్రష్యా గెలిచిన మీదటనే ఆ గెలుపు రహస్య మేమందునో యని లోకము వెదకి, ధూళి దులిపి, ఆ పుస్తకమును తెరచెను. ఇంగ్లీషు అనువాదము 1873లో గాని రాలేదు. చూచితిరా! ఓటమినుండి పుట్టిన గ్రంథమును ఓడినవాని దేశమే నలుబదియేండ్లు చదువలేదు. ప్రతులున్నవి, పాఠకుడు లేడు. ఇది మొదటి పాఠము.

అటుపిమ్మట జర్మను దేశమున యుద్ధచరిత్ర రచన ఒక రాజకార్యమైనది. సేనాధిష్ఠాన వర్గమునందు చరిత్ర రచనకై ప్రత్యేక శాఖ ఏర్పడెను. 1870-71 యుద్ధమును పటములతో, పట్టికలతో పెక్కు సంపుటములుగా వారు వ్రాసిరి. 1914-18 మహాయుద్ధమున ఓడిన పిమ్మట విజేతలు ఆ సేనాధిష్ఠాన వర్గమునే రద్దుచేయగా, చరిత్రకారులు కాగితముల కట్టలతో పోట్స్‌డాం నగరమున 1919లో క్రొత్తగా స్థాపించిన జాతీయ దస్తావేజుల నిలయమును చేరిరి. అచట కూర్చుండి మహాయుద్ధ చరిత్రమును 1925నుండి సంపుటము వెంట సంపుటముగా పదునాలుగింటిని వెలువరించిరి. కడపటి రెండు సంపుటములును రెండవ మహాయుద్ధము నడుమ స్వల్పసంఖ్యలో అచ్చుపడి, 1956లో గాని జనసామాన్యమునకు లభింపలేదు.

ఇక వినాశము కథ. 1943 డిసెంబరులో ఆంగ్ల విమానములు లైప్‌జిగ్ నగరముపై నిప్పుల వాన కురిపించెను. అది జర్మను పుస్తక వ్యాపారమునకు రాజధాని. ప్రకాశకుల గిడ్డంగులు, ముద్రణశాలలు ఒక్క తెల్లవారుజామున బూడిదయ్యెను. 1945 ఏప్రిలులో పోట్స్‌డాంపై బడిన బాంబులచే ప్రష్యా సైన్యపు పురాతన దస్తావేజులలో అధికభాగము దగ్ధమయ్యెను. నాటివరకు నకళ్లు తీయబడని మూలములు శాశ్వతముగా మాసెను. కాబట్టి వానిని చూచి వ్రాసిన పాత పుస్తకములే నేడు మూలములై కూర్చున్నవి. మూలము పోయినచోట పుస్తకమే సాక్షి. పాత జర్మను యుద్ధచరిత్రములకు పండితులలో ఇప్పుడు గల గౌరవమునకు ఇదియొక ముఖ్యకారణము.

అగ్ని తరువాత శాసనము వచ్చినది. 1946 మే 13న, జర్మనీని పాలించుచుండిన నాలుగు విజేతరాజ్యముల నియంత్రణ సమితి, నాజీ గ్రంథములను, యుద్ధోన్మాదమును పెంచు గ్రంథములను గ్రంథాలయములనుండియు, పుస్తకపు టంగళ్లనుండియు తొలగించి నాశనార్థ మప్పగింపుడని ఆజ్ఞ యిచ్చెను. ఇట్టి సమూల నాశనము పండితులకు గూడ హాని యని తోచినందున కాబోలు, ఆ సంవత్సరము ఆగస్టులోనే పరిశోధనకై కొన్ని ప్రతులను దాచవచ్చునని సవరించిరి. ఆ విజేతల యుద్దేశమును నేను నిందింపను. కోట్లమంది ప్రాణములను బలిగొన్న విషమును వేరంట పెరుకవలెనని వారు తలచిరి. కాని 1933లో నాజీలు వీథులలో గ్రంథములను దహించిన దేశముననే మరల గ్రంథములపై వేటుపడుట చరిత్రలో విచారింపదగిన ఘట్టము.

ఇన్నిటికంటె నిశ్శబ్దముగా వచ్చిన మృత్యువు మరియొకటి గలదు. ఆ పాత గ్రంథములన్నియు నించుమించుగా 'ఫ్రాక్టూర్' అను విరుపుల లిపిలో అచ్చయినవి. 1941 జనవరిలో నాజీ ప్రభుత్వమే ఆ లిపిని త్రోసిపుచ్చి రోమను లిపిని వాడుకలోనికి దెచ్చెను. దానితో తాత చదివిన పుస్తకము మనుమనికి కోడిగీతలయ్యెను. భాష అదే, దేశ మదే, పుస్తక మదే, కన్ను మారినది. నేటి జర్మను యువకుడు తన యింటి అటకమీది ముత్తాత పుస్తకమును చదువవలెనన్న అక్షరములు మరల దిద్దుకొనవలెను. మనకీ యనుభవము లేకపోలేదు. తాతలనాటి దస్తావేజులోని గొలుసుకట్టు వ్రాతను, తెలుగు అంకెలను, మోడీ లిపి లెక్కలను చదువగలవారు ఈ మండలమున ఊరి కొక్కరైన నున్నారా? కాగితము బ్రతికియుండగా చదువు చచ్చిపోవుట యనగా నిదియే.

ఇక వీనిని చదువువా రెవ్వరు? మూడు తెగలవారు గలరు. మొదటివారు సైనికులు, సైనిక విద్యార్థులు. రెండవవారు పరిశోధకులు. మూడవవారు సంగ్రహకులు, వీరిలో సజ్జనులును గలరు, పుస్తకమును గాక దానిపై ముద్రించిన గ్రద్ద బొమ్మను వలచువారును గలరు. ఈ కడపటి వారిని గూర్చి నేను మీకు హెచ్చరిక చేయక తప్పదు. యుద్ధగ్రంథము చదువుట వేరు, యుద్ధమును పూజించుట వేరు. ఒకరి యూనిఫారమును, ఒకరి ఇనుపటోపిని చూచి మురిసిపోవుటకు చరిత్ర యక్కర లేదు, నాటకశాల చాలును. నాజీల దురాగతములను మరచి వారి కవాతును మాత్రము మెచ్చుకొనువాడు చదువరి కాడు.

చదువరులలో సైతము తప్పుచదువు గలదు. హాన్స్ డెల్‌బ్రూక్ అను బెర్లిను ఆచార్యుడు యుద్ధకళా చరిత్రమును 1900నుండి వెలువరించెను. క్రీస్తుపూర్వము 216లో హానిబాలు కానే యుద్ధమున రోమను సేనను రెండు ప్రక్కలనుండి చుట్టుముట్టి నాశనము చేసిన విధమును అందులో విశదీకరించెను. సేనాధిష్ఠాన వర్గమునకు ముఖ్యుడుగా నుండిన ష్లీఫెను సేనాని ఆ ఘట్టమును చదివి, అందు మునిగి, ఫ్రాన్సును సైతమట్లే ఒక్క పెట్టున చుట్టుముట్టవచ్చునని తలపోసెను. ఆతని తలపుల వెంట నడచిన సేన 1914 సెప్టెంబరులో మార్న్ నదియొడ్డున నిలిచిపోయెను. కానేలో గెలిచిన హానిబాలు కడకు యుద్ధమున నోడిపోయెనన్న మాట వారు మరచిరి! పరుల విజయమును మాత్రమే చదువువానికి పుస్తకము మద్యము వంటిది. తన పరాజయమును చదువుకొనువానికి అది ఔషధము.

ఆ డెల్‌బ్రూకు వద్దనే మనము నేర్వదగిన మంచి యొకటి గలదు. ప్రాచీనులు వ్రాసిన సేనా సంఖ్యలను ఆయన కన్నులు మూసికొని నమ్మలేదు. పారసీక చక్రవర్తి లక్షోపలక్షల సేనతో గ్రీసుపై దండెత్తెనన్న వ్రాతను తీసికొని, అంతటి సేన బాటవెంట నడచిన యెడల ముందువాడు గ్రీసు చేరునప్పటికి వెనుకటివాడు ఇంకను పారసీకము వదలడే యని లెక్క వేసెను. దారి వెడల్పెంత, దినమునకెన్ని క్రోసులు నడచును, తిండిగింజ లెక్కడివి, నీరెక్కడిది? ఈ ప్రశ్నలడుగుటకు సేనాధిపతి యక్కర లేదు. ఎద్దుబండి తోలినవా డడుగగలడు. చెరువు కట్టినవా డడుగగలడు. ఈ మాట గుర్తుంచుకొని నాతో చందుర్తికి రండు.

చందుర్తి యెక్కడ? మీలో కొందరు చిరునవ్వు నవ్వుచున్నారు. కొందరు ప్రక్కవానిని చూచుచున్నారు. 2022నుండి కాకినాడ జిల్లా యనబడుచున్న భాగమున, గొల్లప్రోలు చేరువను గల గ్రామమది. ఇంగ్లీషు పుస్తకములలో దానికి కాండోరు యుద్ధమని పేరు. 1753లో ఉత్తర సర్కారులను నిజాము కొలువునుండి సంపాదించిన బుస్సీ, 1757 జనవరిలో బొబ్బిలి కోట దహనమునకు కారకుడై, మరుసటి సంవత్సరము లాలీ పిలుపున దక్షిణమునకు తరలిపోయెను. అదే యదనుగా విజయనగర ప్రభువు ఆనందగజపతి ఫ్రెంచివారినుండి విశాఖపట్టణమును పట్టుకొని ఆంగ్లేయులను రమ్మని పిలిచెను. వంగదేశమునుండి క్లైవు పంపిన ఫోర్డు సేనానికి ఐరోపావారు 470 మంది, సిపాయీలు 1,900 మంది మాత్రమే గలరు. ఎదుట ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సుకు ఐరోపావారు సుమారు 500, సిపాయీలు 6,000. 1758 డిసెంబరున మన చేలలో వారు తలపడిరి.

ఏమి జరిగినది? ఎత్తుగా నెదిగిన పైరు చాటున ఆంగ్లేయుల గోరాదళము మరుగుపడియుండెను. దానికిరువైపుల నిలిచిన సిపాయీలు ఎర్రని యంగీలు తొడిగియుండిరి. ఫ్రెంచివారు ఆ యెర్రయంగీలను చూచి వీరే ఆంగ్లేయులని భ్రమించి వారిపై బడిరి. సిపాయీలు చెదరిరి, ఫ్రెంచివారు వెంటాడిరి, అంతట పైరు చాటునుండి గోరాదళము వెలువడి వారి ప్రక్కను దెబ్బకొట్టెను. పగలు గడవకముందే సర్కారుల భాగ్యము మారిపోయెను. కాన్‌ఫ్లాన్సు గుర్రమెక్కి పరుగున చేరిన యూరేదియో తెలియునా? ఈ రాజమహేంద్రవరమే! ఈ గోదావరినే దాటి ఫ్రెంచివారు తప్పుకొనిరి. మనమీ సభకు నడచివచ్చిన నదీతీరముననే ఒక సామ్రాజ్యము దిగిపోయి మరియొక సామ్రాజ్యము కాలు మోపినది. 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు కోటయు పడెను. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో సర్కారులు కుంఫిణీ పరమయ్యెను.

ఈ కథను మనకు చెప్పినవాడెవడు? రాబర్ట్ ఆర్మ్ అను కుంఫిణీ యుద్యోగి. 1763లోను, 1778లోను అచ్చయిన అతని హిందూదేశ సైనిక వృత్తాంతములే నేటికిని ఈ ఘట్టమునకు ప్రధానాధారము. అతడు శ్రమజీవి; లేఖలు, దినచర్యలు, పటములు ఓపికతో కూర్చెను; ఆ కాగితములు నేడు లండనులో భద్రముగా నున్నవి. అతనిని దూషించుట నా యుద్దేశము కాదు. కాని అతడు కుంఫిణీ కొలువు చరిత్రకారుడు. అతని పుస్తకమున ఫోర్డు పలుకును, కాన్‌ఫ్లాన్సు పలుకును; విజయనగర సేన పలుకదు. వారిని గూర్చిన మాట యేదైన నున్న అది చులకన మాటయే. ఇరుపక్షముల సేనలలోను ఎక్కువమంది ఈ దేశస్థులే కదా! వారి భార్యాబిడ్డలేమైరి? ఎవరి చేలు త్రొక్కబడెను? ఆ ఫిరంగులను లాగిన యెద్దులు ఎవరివి? ఆ యెద్దులు తిరిగి యిల్లు చేరెనా?

ఇంకొక చిన్న సంగతి. ఆ గోరాదళమును కప్పిన పైరును ఆర్మ్ 'ఇండియన్ కార్న్' అనెను. ఇంగ్లీషువానికి ఆ మాట చాలును. తెలుగు రైతుకు చాలదు. అది జొన్నయా, మొక్కజొన్నయా? డిసెంబరు మాసమున, ఆ మెట్టనేలలో, నిలువెత్తు మనిషిని కప్పగల పైరు ఏది నిలిచియుండును? ఇరువదియైదు దశాబ్దములుగా పండితులు ఈ యుద్ధమును గూర్చి వ్రాయుచున్నారు. గొల్లప్రోలు రైతు నొకనిని పిలిచి ఈ పేజీని తెలుగున చదివి వినిపించినచో, ఒక్క నిమిషములో అతడు పెట్టు ప్రశ్న పండితునకు పది సంవత్సరములకును తోచదు. డెల్‌బ్రూకు చేసిన పని ఇదియే కాదా? యుద్ధగ్రంథమునకు నిజమైన చదువరి ఆ నేల నెరిగినవాడు. ఆ చదువరికి మన మా గ్రంథమును ఈయలేదు. అందుచేత ఆర్మ్ గ్రంథము లండనులో దుర్లభము కాదు, చందుర్తిలో దుర్లభము.

బొబ్బిలికి ఈ దురవస్థ లేదని గమనింపుడు. దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్రము వ్రాసెను. జంగములు కథ చెప్పిరి. బుర్రకథ లూరూర మ్రోగెను. అందుచే తాండ్ర పాపారాయని పేరు చదువురాని వృద్ధురాలికిని తెలియును. పదునెనిమిది వందల యేబదియేడవ సంవత్సరపు తిరుగుబాటునకు సరిగా నూరేండ్లు ముందు జరిగిన బొబ్బిలి మనకు జ్ఞాపకమున్నది. దానికి రెండేండ్లలోపల జరిగి మన పాలకులనే మార్చివేసిన చందుర్తి జ్ఞాపకము లేదు. పాట గలది బ్రతికినది. పాట లేనిది పరుల పుస్తకమున దాగినది.

ఇంతకంటె దగ్గరి సంగతి చెప్పెదను. పశ్చిమగోదావరి ప్రాంతమున తాడేపల్లిగూడెము చెంత మాధవరమను నూరున్నది. మిలిటరీ మాధవరమని లోకమెరిగిన పేరు. ఇంటి కొక్కడు చొప్పున సైన్యమున చేరుట ఆ యూరి కులధర్మము వంటిది. రెండు మహాయుద్ధములలోను ఆ యూరివారు పనిచేసిరి. ఊర స్మారకము గలదు. ఆ యుద్ధములలో భారతసైన్యము ఫ్రాన్సు బురదకందకములలోను, ఉత్తరాఫ్రికా యిసుకలోను, ఇటలీ కొండలలోను జర్మను సేనలతో పోరాడినది. ఎదుటి కందకమున నున్నవాడు తన కథను పదునాలుగు సంపుటములుగా వ్రాసికొన్నాడు. ఇవతలి కందకమున నిలిచిన తెలుగువాడు? పెన్షను పుస్తకము, ఒకటి రెండు పతకములు, పెట్టె యడుగున నాలుగు ఉత్తరములు. నేనొక పల్లెలో నట్టి పెట్టెను చూచితిని. మూత తీయగా సగము కాగితములు చెదమన్నై చేతిలో రాలెను. మిగిలిన ముక్కపై, పైరుకు నీరు పెట్టినారా యని తండ్రిని అడిగిన పంక్తి యొకటి కనబడెను. ఆ సైనికు డెక్కడ నిలిచి ఆ మాట వ్రాసెనో ఆ చెదపురుగునకే తెలియును. పోట్స్‌డాం దహనమునకు విమానములు వలసివచ్చినవి. మన దస్తావేజులకు అంత వ్యయ మక్కర లేకపోయినది!

పరపాలన క్రింద కూలికి పోరాడినవాని కథ జాతీయచరిత్ర యగునా యని కొందరనవచ్చును. అగును. వాడెందుకు పోయెను, ఏమి తినెను, ఏమి చూచి తిరిగివచ్చెను, వచ్చి తన దొర యెదుట మునుపటివలెనే తల వంచెనా, లేదా? ఇది తెలియనిదే మన స్వాతంత్ర్యచరిత్రలో సగము తెలియదు. 1922 ఆగస్టులో చింతపల్లి ఠాణాపై బడి తుపాకులు గొనిపోయిన అల్లూరి సీతారామరాజు, తాను తీసికొన్నదానిని అచటనే వ్రాసియిచ్చి పోయెనన్నది ప్రసిద్ధము. ఆయుధము పట్టినవాడు అక్షరమును గూడ వదలలేదు. ఆ వివేకము మనకు మార్గదర్శకము కావలెను.

ప్రతుల కొరత నేడు తీరిపోయినదనియే చెప్పవచ్చును. ఒకప్పుడు ఆర్మ్ సంపుటమొకటి చూడవలెనన్న మద్రాసునకో, లండనునకో పోవలసియుండెను. నేడా గ్రంథము, క్లౌజెవిట్జు, డెల్‌బ్రూకు, పాత జర్మను సంపుటములు పెక్కు, ఛాయాచిత్రరూపమున అంతర్జాలమందు వెలలేక లభించుచున్నవి. మీ చేతిలోని ఫోనునందే యున్నవి. అయిననేమి? తాళము తీసిన బీరువా ముందు నిలిచి మనము వేరువైపు చూచుచున్నాము. అగ్నికి తప్పించుకొని, శాసనమునకు తప్పించుకొని, సముద్రములు దాటి మన యరచేతిలోనికి వచ్చిన గ్రంథము, మన యుదాసీనతకు మాత్రము తప్పించుకొనలేకున్నది. అందుచేతనే రెండు కొరతలలో రెండవదియే ఘోరమంటిని.

కాబట్టి ఈ సభవారికి మూడు మనవులు చేసికొనుచున్నాను. 1898లో నాళము కృష్ణారావుగారు నాటిన విత్తనమునుండి గౌతమీ గ్రంథాలయము పెరిగిన యూరిది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము వెలసినప్పుడు అధ్యక్షత వహించిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ఈ యూరివారే. పెద్దలు అంత చేసిన చోట మనము ఇంతయైనను చేయలేమా?

మొదటి మనవి. చందుర్తి యుద్ధమునకు సంబంధించిన ఆర్మ్ భాగమును, ఫ్రెంచి వ్రాతలను తెలుగు చేయుడు. మహాగ్రంథ మక్కర లేదు. ఒక చిన్న పుస్తకము చాలును. ఊళ్ల పేర్లను ఇంగ్లీషు వంకరలనుండి విడిపించి మన పేర్లు మనకిండు. దానిని మొట్టమొదట ఇచట గాక చందుర్తి రచ్చబండమీద చదువుడు. విన్నవారు చెప్పినదానిని క్రిందనే వ్రాసికొనుడు.

రెండవ మనవి. ఈ రెండు గోదావరుల నడుమను, ఇరుప్రక్కలను గల గ్రామములలో సైనికుల కుటుంబములున్నవి. వారి ఉత్తరములను, పుస్తకములను, ఛాయాచిత్రములను లాగికొనక, యింటనే యుంచి, నకళ్లు తీయుడు. ఎవరి సొత్తు వారి యింటనే యుండుట న్యాయము. నకలు గ్రంథాలయమున నుండుట క్షేమము. వృద్ధులు జీవించియుండగానే వారి మాట వ్రాసికొనుడు. చెదపురుగు మన సంఘసమావేశముల తేదీకై వేచియుండదు.

మూడవ మనవి యువకులకు. మీలో ఒకరిద్దరైనను జర్మను నేర్వుడు, ఒకరిద్దరు ఫ్రెంచి నేర్వుడు, ఒకరిద్దరు మోడీ లిపి నేర్వుడు. ఇంగ్లీషు కిటికీనుండి మాత్రమే లోకమును చూచువానికి ఆ కిటికీ చట్రమే లోకపు హద్దుగా తోచును. ఎదిరి తన కందకమున కూర్చుండి మన సిపాయిని గూర్చి యేమి వ్రాసెనో చదువుటకు ఎదిరి భాష రావలెను.

ఇక కార్యదర్శిగారి ప్రశ్నకు సమాధానము. గోదావరి యొడ్డున జర్మనుల యుద్ధగ్రంథముల గొడవ యేలనగా, ఓడిన ఒక జాతి తన యోటమిని తానే వ్రాసికొని, చదువుకొని, ఒకమారు దానివలన బాగుపడి, మరియొకమారు దానిని తప్పుగా చదివి లోకమును దుఃఖమున ముంచినది. వ్రాసికొనుటయు వారివద్ద నేర్వవలెను. తప్పుగా చదువకుండుటయు వారిని చూచియే నేర్వవలెను. మనము చదువలేదు గనుక తప్పుగా చదువలేదని సంతోషించుటకు వీలులేదు. ఏమియు చదువనివానికి ఎవరేమి చెప్పిన నదియే చరిత్ర యగును. ఇంతకాలము మనకట్లే యైనది.

మీరింటికి పోవునప్పుడు ఒక్క క్షణము రేవున నిలువుడు. ఒక డిసెంబరు రాత్రి, ఓడిన సేనయొకటి ఈ నీటిని దాటిపోయినదని మీ పిల్లలకు చెప్పుడు. వారు, "ఎవరది? ఎందుకు?" అని యడుగుదురు. అప్పుడు మీకు పుస్తకము కావలసివచ్చును. ఆ యక్కర కలిగిన దినమున గ్రంథము దుర్లభము కాదు. పాఠకుడును దుర్లభుడు కాడు.